విమానమెక్కి రాజపాళయం భోజనానికి

గుమాస్తా జీతంమీద బతికే మేము విమానంలో రాజపాళయం వెళ్ళి, రెండురోజులు విశ్రాంతిగా హోటళ్ళు రుచి చూసి వచ్చామంటే పాఠకులు నమ్మరు. విమానం మాది కాదు లెండి. మదురైనుంచి అతిథులను తీసుకురావడానికి మా యజమాని బాడుగకు మాట్లాడినది. ఒక శనివారం ఉదయం అది చెన్నపట్నంనుంచి ఖాళీగా బయలుదేరవలసి ఉంది. ఇటువంటి విమానాలకు మనుషులున్నా లేకపోయినా రానూపోనూ బాడుగ కట్టవలసిందే. ఆ కాగితాలు చూసేది మేమే గనుక, "మీది ఆ ప్రాంతమే గదా, ఇంట్లోవాళ్ళతో వెళ్ళండి, తిరిగివచ్చే ఏర్పాటు మాత్రం మీరే చూసుకోవాలి" అన్నారు యజమాని.

మాతో వచ్చినవాళ్ళు మా ఇంటావిడ, మా బాబాయి. బాబాయికి డెబ్బై ఆరేళ్ళు. పిన్ని పోయిన తరువాత ఆయన భోజనం రెండు పిడికిళ్ళకు దిగింది. పుట్టిపెరిగింది రాజపాళయంలోనే గాని, పదిహేనేళ్ళ క్రితం తాతగారి ఇంటి వాటా విషయంలో మా మేనత్తతో మాటపట్టింపు వచ్చి ఆ ఊరివైపు చూడటం మానేశారు. పెళ్ళిళ్ళకూ కర్మలకూ మేము వెళ్ళివస్తూనే ఉన్నాము. ఆయన మాత్రం కదలలేదు. విమానం అనేసరికి కాస్త మెత్తబడి ఒక షరతు పెట్టారు: "ఎవరి గడపా తొక్కను. లాడ్జిలో దిగుదాం. హోటళ్ళలో తిందాం." మా హోటళ్ళ యాత్రకు అసలు కారణం ఇదీ.

చిన్న విమానం గనుక సామానుతోబాటు మా బరువులు కూడా అడిగి రాసుకున్నారు. మా ఇంటావిడ తన అంకె మా చెవిలో చెప్పింది, మేము రాయించాము, అంతకంటె ఇక్కడ రాయడం క్షేమం కాదు. బాబాయి యాభై కిలోలకు ఒకటి తక్కువ. ఆ అంకె విన్నాక మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. పిన్ని ఉన్నరోజుల్లో అరవై దాటి ఉండేవారు.

లోపల ఎనిమిది సీట్లు. రెండు పంకాల చప్పుడు చెవుల్లో జోరీగలాగా. కాఫీ ఇచ్చేవారెవరూ లేరు, ఫ్లాస్కు మేమే తెచ్చుకున్నాము. అమెరికాలో సొంత విమానాలున్నవారు సెలవునాడు ఏదో చిన్న విమానాశ్రయంలో దిగి, అక్కడి హోటల్లో తిని, మళ్ళీ ఎగిరి ఇంటికి పోతారట. పెట్రోలు ఖర్చు కలుపుకొని దానికి నూరు డాలర్ల హాంబర్గరని వాళ్ళే ఎగతాళిగా పేరు పెట్టుకున్నారు. ఈ ముచ్చట చెబితే బాబాయి, "ఆకలి ఉన్నవాడు అంత దూరం పోడురా" అన్నారు.

గంట పైచిలుకులో మదురై. రాజపాళయంలో విమానాశ్రయం లేదు గనుక అక్కడినుంచి కారు. తిరుమంగళం, టి.కల్లుపట్టి, కృష్ణన్‌కోవిల్ మీదుగా సుమారు తొంభై కిలోమీటర్లు. ఆకాశంలో గడిపినదానికి రెట్టింపు కాలం రోడ్డుమీద పట్టింది.

శ్రీవిల్లిపుత్తూరులో ఆగకుండా పోతే పాపం. గోపురం నూటతొంభై అడుగుల పైనే. ఆండాళ్ పుట్టిన ఊరు. కృష్ణదేవరాయలు తెలుగులో ఆముక్తమాల్యద రాసింది ఈ ఊరి కథే. అందులో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనాలను రుతువుల వారీగా వర్ణించాడు. వానలకు వేపుళ్ళూ వడియాలూ, ఎండలకు చల్లనివి, చలికి మిరియాల కారం. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినా ఆ పద్యాల అర్థం మా మాస్టారు నోరూరేటట్టు చెప్పారు. వచ్చినవాడికి పెట్టడమే వ్రతంగా పెట్టుకున్నవాడి ఊళ్ళో మేము డబ్బిచ్చి పాలకోవా కొన్నాము. పాలూ చక్కెరా తప్ప మరేమీ లేని సరుకు; 2019లో దానికి ఊరి పేరుమీద భౌగోళిక గుర్తింపు వచ్చింది. బాబాయి గోరంత నోట్లో వేసుకొని పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నారు.

రాజపాళయంలో మొదటి హోటలు మధ్యాహ్నం. అరిటాకు, సాంబారు, రసం, రెండు కూరలు. వంక పెట్టడానికి లేదు. బాబాయి రెండు పిడికిళ్ళు తిని ఆకు మడిచారు. భోజనం తరువాత లాడ్జిలో కిటికీ తెరిస్తే పడమటి కనుమలు ఇంటి గోడలాగా దగ్గరగా కనిపించాయి. ఆ గాలికి మా ఇంటావిడ మూడు గంటలు నిద్రపోయింది. పెళ్ళయిన తరువాత పగలు అంతసేపు పడుకోవడం అదే మొదలని లేచాక చెప్పింది.

సాయంకాలం నడక. 1949నుంచి 1952వరకు మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన పి.ఎస్.కుమారస్వామిరాజాగారిది ఈ ఊరే. ఆయన తమ ఇంటిని గాంధీ కళామండ్రానికి ఇచ్చివేశారు. దాని ముందు నిలబడి ఈ సంగతి మా ఇంటావిడకు చెబుతున్నాము. ఇల్లు అన్న మాట నోటినుంచి వచ్చాక గాని ఎవరు వింటున్నారో మాకు తోచలేదు. బాబాయి చెప్పుల్లో రాయి దులుపుకొంటూ ముందుకు నడిచారు.

రాత్రికి రెండో హోటలు. విరుదునగరం పక్క పేరుపొందిన నూనె పరోటా, సాల్నా. పెనంమీద నూనెలో ముంచి వేయించిన చిన్న పరోటా, కరకరలాడుతుంది. మేము నాలుగు తిన్నాము. శనివారం గనుక మాంసం రుచి చూడలేకపోయిన మా ఇంటావిడ మా ఆకువైపు చూసిన చూపు సంగతి వదిలేద్దాం. ఈ ఊళ్ళో బోర్డులన్నీ తమిళం, సర్వరుతో మాట తమిళం. తెలుగు ఎక్కడుందని వెదికితే పక్క బల్ల దగ్గర వినిపించింది. తండ్రీ కొడుకూ మాట్లాడుకుంటున్నారు. శతాబ్దాలుగా ఇక్కడున్న రాజుల కుటుంబాలలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. నోట మాత్రం నిలిచింది. ఆ తండ్రి బాబాయిని తేరిపార చూసి, "తమరు ఫలానా వారి తమ్ముడు కదండీ?" అన్నాడు. బాబాయి అవునని గాని కాదని గాని అనలేదు. చేయి కడుక్కోవడానికి లేచారు.

తెల్లవారి ఇడ్లీలకు బయలుదేరబోతుంటే లాడ్జి కుర్రవాడు నాలుగు గిన్నెల కేరియరు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఎవరిచ్చారంటే, "పాటి ఇచ్చి పంపింది" అన్నాడు. కబురు చెప్పింది పరోటా హోటలు ఆసామేనని మా ఇంటావిడ వాదన. తన ఫోను మాత్రం మాకు చూపలేదు.

మేము మాట్లాడలేదు. బాబాయి చాలాసేపు దానివైపు చూస్తూ కూర్చుని, తామే మూత తీశారు. అన్నం, ముద్దపప్పు, వంకాయ పులుసు, వేయించిన ఊరమిరపకాయలు. ఆకుకోసం చూడకుండా గిన్నె మూతలోనే కలుపుకున్నారు. ఎంత తిన్నారో మేము లెక్కపెట్టలేదు; కింది గిన్నెలో మాకు మిగలలేదు.

తరువాత కేరియరు తామే కడిగి తుడిచారు. "ఖాళీ గిన్నె పంపగూడదు" అని జేబులోని పాలకోవా పొట్లం పై గిన్నెలో పెట్టారు. మమ్మల్ని ఇచ్చిరమ్మంటారేమో అనుకున్నాము. చెప్పులు వేసుకున్నారు.

గడప మాత్రం తొక్కలేదు. అరుగుమీద కూర్చున్నారు. మేనత్తకు ఎనభై రెండు. మోకాళ్ళు పట్టుకొని వచ్చి అదే అరుగుమీద రెండు మూరల దూరంలో కూర్చుంది.

"పులుసులో బెల్లం ఎక్కువేశావక్కా."

"నాన్నకు అలాగే కావాలి గదరా."

"నాన్నకు కావాలి. నాకు కాదు."

"మరి కేరియరు ఖాళీ అయిందే?"

దీనికి బాబాయి జవాబు చెప్పలేదు. వాటా మాట ఇద్దరూ ఎత్తలేదు. వంకాయల ధర, వాన, పిన్ని చివరిరోజులు, ఇవే. పిన్ని మాట వచ్చినప్పుడు మేనత్త రెండు మూరల దూరం ఒక మూర చేసుకున్నది. మధ్యాహ్నం చూద్దామనుకున్న మూడో హోటలు చూడనే లేదు.

రాత్రి పొదిగై ఎక్స్‌ప్రెస్‌లో తిరుగు ప్రయాణం. అదే కేరియరు మళ్ళీ నిండి మా సీటు కింద ఉంది. విరుదునగరం దాటకముందే బాబాయి దాన్ని పైకి లాగారు.

ఇప్పుడు కేరియరు మా వంటింట్లో ఉంది. అందులో ఏం పెట్టి పంపాలన్నది తేలలేదు. కొరియరులో పంపుదామంటే బాబాయి ఒప్పుకోరు. రైలు టిక్కెట్లు ఎన్ని రోజుల ముందు కొనవచ్చో నిన్న మమ్మల్ని అడిగారు.