అలబామాలో అతుకుల రైఫిల్

అట్లాంటా నుంచి ఐ-20 హైవే మీద పడమరగా వెళితే గంటన్నరలో అనిస్టన్ వస్తుంది. అలబామా సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి జరుగుతుంది కాబట్టి, తెల్లవారుజామున బయల్దేరినవాళ్లు అక్కడ తలుపులు తీయకముందే చేరిపోతారు. దారి పొడుగునా పైన్ చెట్లు, గట్లు తవ్వినచోట ఎర్రమట్టి. ఊరు చిన్నదే. అయినా పాత సైనిక రైఫిళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు అమెరికా నలుమూలల నుంచి ఇక్కడికి వస్తారు. సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ వాళ్ల వర్క్‌షాపు ఉన్నది ఇక్కడే మరి.

మామూలు పౌరులకు గురిచూసి కాల్చడం నేర్పించాలని 1903లో అమెరికా కాంగ్రెస్ ఒక బోర్డు పెట్టింది. ఆ పని 1996లో లాభాపేక్ష లేని ఈ సంస్థ చేతికి వచ్చింది. సైన్యం పక్కన పెట్టిన రైఫిళ్లను బాగుచేసి పౌరులకు అమ్ముతారు. డబ్బుంటే చాలదు. అమెరికా పౌరసత్వం ఉండాలి, గుర్తింపు ఉన్న క్లబ్బులో సభ్యత్వం ఉండాలి, కాల్చడంలో శిక్షణ పొందినట్టు కాగితం చూపించాలి. పౌరసత్వం వచ్చాక నేను మొదట నింపిన దరఖాస్తుల్లో ఇదొకటి.

మాది కృష్ణా జిల్లా. కాలేజీ ఎన్‌సీసీ పెరేడ్‌లో భుజాన మోసిన త్రీ నాట్ త్రీ రైఫిల్‌తో మొదలైంది నాకీ పిచ్చి. మన దగ్గర దాన్ని మోయడమే, ఇంట్లో పెట్టుకునే ప్రసక్తి లేదు. త్రీ నాట్ త్రీ ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు పౌరులకు నిషేధించిన రకం. లైసెన్సు మీద ఉంచుకోగలిగే తుపాకులను కూడా ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ మూడు నుంచి రెండుకి తగ్గించింది. ఆ చట్టం తప్పని నేననను. బయల్దేరే ముందు మా ఆవిడ అడిగింది ఒక్కటే: "పిల్లలున్న ఇల్లు, ఎక్కడ పెడతారు?" ఇనుప బీరువా కొని గోడకి బిగించాకే నేను కారెక్కాను.

అనిస్టన్ వర్క్‌షాపులో వారాంతంలో ఒక తరగతి జరుగుతుంది. అందులో సైన్యం వాడిన ఎం1 గరాండ్ రైఫిల్‌ని ఎవరిది వాళ్లే విడిభాగాల నుంచి కూర్చుకోవాలి, పక్కనే తుపాకులు బాగుచేసే సంస్థ ఆర్మరర్లు నిలబడి చూస్తుంటారు. నా బల్ల మీద ఒక ట్రే. అందులో బూడిదాకుపచ్చ రంగు ఇనుప ముక్కలు, చెయ్యి పెడితే జిడ్డు. మిగతా భాగాలన్నీ అమరే నడిమి ఇనుము రిసీవర్. మడమ వైపు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ అని చెక్కి ఉన్న ఈ రిసీవర్ 1943 నాటిది. బోల్టు తిప్పి చూశాను. డి28287 అన్న డ్రాయింగ్ నంబరు పక్కన డబ్ల్యూఆర్ఏ అని ఉంది, అంటే వించెస్టర్. సుత్తి మీద ఐహెచ్‌సీ, అంటే ఇంటర్నేషనల్ హార్వెస్టర్. అది చదవగానే నాకు మా ఊరి చెరుకు తోటలు గుర్తొచ్చాయి. మహీంద్రా వాళ్లు 1960లలో ఆ కంపెనీతో కలిసి తయారుచేసిన బి-275 ట్రాక్టర్ మా వీధిలోనే ఉండేది. ట్రాక్టర్లు చేసే కంపెనీకి 1950లలో ఈ రైఫిల్ కాంట్రాక్టు ఇచ్చారు.

రిసీవర్ కాలు మీద, రైఫిల్ కర్రలోకి వెళ్లిపోయే భాగంలో, ఎవరో కరెంటు పెన్సిల్‌తో గీసిన వంకర రాత కనపడింది. లీడ్, 3-66. పెన్సిల్వేనియాలోని లెటర్‌కెన్నీ ఆర్మీ డిపో గుర్తు అది. 1966 మార్చిలో అక్కడ దీన్ని మొత్తం విప్పి మళ్లీ బిగించారన్నమాట. ఆ అక్షరాలను భూతద్దం కింద చాలాసేపు చూశాను. ఫ్యాక్టరీ ముద్ర యంత్రం కొట్టింది. ఇది ఒక మనిషి చేతిరాత.

పక్క బల్ల దగ్గర టెనెసీ నుంచి వచ్చిన పెద్దాయన నా బోల్టు చూసి, "నా దగ్గర సరైన స్ప్రింగ్‌ఫీల్డ్ బోల్టుంది, మార్చుకుందాం. మీ రైఫిల్ కరెక్ట్ అవుతుంది" అన్నారు. సేకరించేవాళ్లలో ఇదొక పెద్ద శాఖ. 1943 జూన్‌లో ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు రైఫిల్‌లో ఏ ముద్ర ఉన్న ఏ భాగం ఉండేదో పుస్తకాలు చూసి, ఒక్కొక్కటే వెతికి తెచ్చి, అలాగే తయారుచేస్తారు. వాళ్ల చదువుకీ ఓపికకీ దండం పెడతాను. కానీ నాకది సమ్మతం కాదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన గరాండ్‌లను డిపోల్లో విప్పి, అరిగినవి పారేసి, మంచివి ఎవరివి ఎవరికన్న పట్టింపు లేకుండా బిగించేవాళ్లు. ఈ కలగాపులగమే దాని సర్వీసు రికార్డు. బోల్టు మారిస్తే లెటర్‌కెన్నీలో ఆ మనిషి చేసిన పని చెరిపేసినట్టే. వద్దండీ, ఇదే ఉండనివ్వండి అన్నాను. ఆయన నవ్వి, తన బోల్టును మళ్లీ గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు.

అసలు ఏ భాగమైనా దేంట్లోనైనా పట్టడమే ఈ రైఫిల్ గొప్పతనం. దాని వెనక వందేళ్లకు పైబడిన శ్రమ ఉంది. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ 1794లో మొదలైంది. 1819లో థామస్ బ్లాంచర్డ్ అక్కడ, ఒక నమూనా కర్రను తడుముతూ అచ్చం అలాంటి కర్రనే చెక్కే లేత్ తయారుచేశాడు. అదే ఆర్మరీలో 1919లో చేరిన జాన్ గరాండ్ కెనడాలోని క్యుబెక్‌లో పుట్టినవాడు. ఏళ్ల తరబడి దిద్దిన ఆయన డిజైన్‌ను 1936లో సైన్యం తీసుకుంది. మొత్తం 54 లక్షల దాకా తయారయ్యాయి. పేటెంట్లు ప్రభుత్వానికి రాసిచ్చేశాడు, ఒక్క డాలరు రాయల్టీ రాలేదు. లక్ష డాలర్లు ఇవ్వాలని కాంగ్రెస్‌లో బిల్లు పెడితే అదీ ఆమోదం పొందలేదు. జీతగాడిగానే 1953లో రిటైరయ్యాడు. ఇంత అన్యాయం తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

శనివారం సాయంత్రం ఊళ్లోకి వెళ్లాను. పాత గ్రేహౌండ్ బస్సు స్టేషన్ ఇప్పుడు ఫ్రీడమ్ రైడర్స్ జాతీయ స్మారకంలో భాగం. 1961 మే 14న, జాతి వివక్షను ఎదిరిస్తూ తెల్లవాళ్లు, నల్లవాళ్లు కలిసి కూర్చున్న బస్సు మీద ఇక్కడ మూక దాడి చేసింది. టైర్లు కోసేసింది. ఊరి బయట బస్సు ఆగిపోయాక నిప్పంటించింది. అక్కడ నిలబడినప్పుడు పగలంతా నేను బిగించిన ఇనుమే తలలో తిరిగింది. 1957లో లిటిల్‌రాక్‌లో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలను బడిలోకి తీసుకెళ్లిన 101వ ఎయిర్‌బోర్న్ సైనికుల చేతుల్లో ఉన్నది గరాండే. 1970 మే 4న కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నలుగురు విద్యార్థులను బలితీసుకున్న నేషనల్ గార్డ్ చేతుల్లో ఉన్నదీ గరాండే. దాన్ని ఇంట్లో పెట్టుకునేవాడు ఈ రెండూ తెలుసుకుని పెట్టుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ ఒక్కటే గుర్తు పెట్టుకుంటే సరిపోదు.

ఆదివారం కర్ర పని. వాల్‌నట్ కర్రకి అవిసె నూనె పట్టించాలి. గుడ్డతో కాదు, అరచేత్తో, చెయ్యి వేడెక్కేదాకా రుద్దాలి అన్నాడు ఆర్మరర్. మొదటి పూతకి కర్ర గోధుమరంగు నుంచి ముదురు తేనెరంగుకి తిరిగింది, పొరలు తేలాయి. పాత బారెల్ లోపల బాగా అరిగిపోయింది కాబట్టి కొత్తది వేయించాను. దాన్ని ఆర్మరర్ స్వయంగా గేజిలు పెట్టి సరిచూసి, తల ఊపాకే ముందుకు కదిలాం. చివరికి కర్రలో రిసీవర్ కూర్చోబెట్టి, ట్రిగ్గర్ గార్డును వెనక్కి నొక్కితే ఒక గట్టి చప్పుడుతో మొత్తం బిగుసుకుంది. మరలతో బిగించే పని లేదు. చేతిలో నాలుగు కిలోల పైచిలుకు బరువు.

కాల్చింది మాత్రం తర్వాత, మరో శనివారం, టాలడేగాలో. అదే సంస్థ 2015లో అక్కడ పెద్ద రేంజి తెరిచింది. ఆరువందల గజాల దాకా ఉంటుంది. తూటా ఎక్కడ తగిలిందో పక్కనున్న తెర మీద వెంటనే చుక్క పడుతుంది, నడిచి వెళ్లి చూడక్కర్లేదు. నేను వంద గజాల దగ్గరే కూర్చున్నాను. ఎనిమిది తూటాల క్లిప్పు పైనుంచి దించాలి, బొటనవేలు చప్పున తీసుకోవాలి, లేకపోతే బోల్టు నలిపేస్తుంది. ఎనిమిదో తూటా వెళ్లగానే ఖాళీ క్లిప్పు ఖణేల్‌మని పైకి ఎగురుతుంది. చుక్కలన్నీ కొంచెం ఎడమకి పడ్డాయి. వెనక సైటు మరను తిప్పి సరిచేశాక, రెండో క్లిప్పులో నల్లటి వలయంలోకి వచ్చాయి.

ఇంటికొచ్చి శుభ్రం చేశాక, మడమ పలక వెనక సామాన్లు పెట్టుకునే తొర్రలో ఒక కాగితం చుట్టి పెట్టాను. ఏ భాగం మీద ఏ ముద్ర ఉంది, కొత్త బారెల్ ఎక్కడ వేశారు, కాలు మీద రాత ఏమిటి, అన్నీ ఇంగ్లీషులోనే రాశాను. రేపు దీన్ని కొనే మనిషి బోల్టు మార్చాలనుకుంటే అది ఆయనిష్టం. కానీ మార్చే ముందు కాగితం చదవమని మొదటి వరుసలోనే రాసి, కింద గీత గీశాను.