మగ్గం మీద ఇంగ్లిషు

ఇంట్లో తెలుగు, బళ్లో గుజరాతీ, బజార్లో హిందీ, పక్క గదుల్లో ఉండే గంజాం కార్మికుల భార్యలతో అవసరానికి సరిపడా ఒరియా. పదిహేడేళ్లు నిండేసరికి నాలుగు భాషలు నోట పట్టిన ఆ అమ్మాయికి ఐదో భాష దగ్గర చిక్కొచ్చి పడింది. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ చదవాలన్నది ఆమె పట్టుదల. అదీ ఇంగ్లిషు సాహిత్యం. "ఇంగ్లిషు రాకుంటనే ఇంగ్లిషు సదువుతవా బిడ్డా?" అని తండ్రి అడిగాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అర్థంకాక.

ఆయన కరీంనగర్ జిల్లా పద్మశాలి. వేలాది మంది తెలంగాణ నేతన్నల్లాగే సూరత్ చేరి, లింబాయత్‌లో కొన్నేళ్లుండి, మరమగ్గాల షెడ్డులో పని దొరికితే కాపురాన్ని కిమ్‌కు మార్చాడు. సూరత్ నగరపాలక బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఆ అమ్మాయి అక్షరాలు దిద్దింది అక్కడే. కిమ్‌కు వచ్చాక గుజరాతీ బడి తప్పలేదు. తండ్రిది పన్నెండు గంటల షిఫ్టు. మీటరు లెక్కన కూలి. ఆ మోతలో పగలంతా గడిపి వచ్చిన మనిషి ఇంట్లోనూ గట్టిగానే మాట్లాడతాడు.

2021 దాకా ఢిల్లీ కాలేజీల్లో సీట్లు ఇంటర్ మార్కుల కటాఫ్ మీదే ఇచ్చేవారు. 2022లో సీయూఈటీ వచ్చింది. భాషా పరీక్షను పదమూడు భాషల్లో దేనిలోనైనా రాయొచ్చు. వాటిలో తెలుగుంది, గుజరాతీ ఉంది. కానీ ఇంగ్లిషు ఆనర్స్ కావాలంటే ఇంగ్లిషు పేపరు తప్పదు. అందులో పేరాలు చదివి జవాబులు రాయడంతో పాటు పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు ఉంటాయి. సూరత్ కోచింగ్ సెంటర్ ఒక జిరాక్స్ కట్ట చేతికిచ్చింది. ఏ నుంచి జెడ్ వరకు మాటల పట్టిక. సాయణ్, కుడ్‌సద్ స్టేషన్ల మీదుగా మెమూ రైల్లో పోతూ వస్తూ రోజుకు పదిహేను మాటలు. 'అబ్‌స్ట్రూస్', 'కేజోల్', 'ఎఫెమెరల్'... ఎఫెమెరల్ అంటే క్షణికం అని తెల్లారేసరికి గుర్తుండేది కాదు. మాట తన పేరు నిలబెట్టుకుంది.

గుర్తుండకపోవడంలో వింతేమీ లేదు. మాట అన్నది ఎవరితోనో అనడానికి. ఆ ఇంట్లో ఆ మాటలు అనడానికి ఎవరున్నారు? అమెరికాలో శాట్ పరీక్ష పెట్టేవాళ్లు ఎప్పుడో ఈ బట్టీ బాధను గమనించి 1994లో వ్యతిరేక పదాలను, 2005లో పోలిక ప్రశ్నలను, 2016లో కఠిన పదాలతో ఖాళీలు పూరించే ప్రశ్నలను తీసేశారు. జీఆర్ఈ 2011లో అదే దారి పట్టింది. మన దగ్గర లా కాలేజీల క్లాట్ కూడా 2020 నుంచి పేరాల పరీక్షగా మారింది. జిరాక్స్ కట్టలకు మాత్రం గిరాకీ తగ్గలేదు.

'బి' దగ్గర ఒక మాట ఆమెను ఆపింది. 'బాంబాస్ట్'. అంటే ఆడంబరపు మాటలు. లైబ్రరీలో పెద్ద నిఘంటువు తిరగేస్తే మొదట్లో ఆ మాటకు అర్థం దూది అని ఉంది. బట్టల్లో ఒత్తుగా కూరే దూది. ఆ రాత్రి అన్నం తింటూ తండ్రికి చెప్పింది. ఆయన నవ్వాడు. అక్కణ్ణుంచి వెతుకులాట మొదలైంది. 'ఫస్టియన్' ఒక ముతక గుడ్డ. అదీ డాంబికపు మాటలకే పేరయింది. 'షాడీ' అంటే చిరిగిన ఉన్ని గుడ్డలను పీకి మళ్లీ నేసిన సరుకు. ఉత్కంఠతో ఊపిరి బిగబట్టే స్థితికి చెప్పే 'టెంటర్‌హుక్స్', తడి గుడ్డ ముడుచుకోకుండా అంచులు లాగిపట్టే కొక్కేలు. "గది మన స్టెంటర్ మిషినే గద!" అన్నాడు తండ్రి. సూరత్ అద్దకం మిల్లుల్లో పాలియెస్టర్ చీరల గుడ్డను ఇప్పటికీ అంచులు పట్టి సాగదీసేది ఆ యంత్రమే. 'సటిల్' అన్న మాట లాటిన్‌లో నేత గుడ్డ కింది సన్నని దారం నుంచి పుట్టి ఉండొచ్చని పండితుల ఊహ. పడుగు ఏది, పేక ఏది అన్నది ఆయన చేతివేళ్లతో చూపిస్తే గానీ ఆమెకు అది బోధపడలేదు.

అసలు మాట 'ఎస్' దగ్గర దొరికింది. అది జిరాక్స్ కట్టలో లేదు, నిఘంటువులో ఉంది. 'సూరత్'. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోతే, లాంకషైర్ మిల్లులు ఈ రేవు పేరుతో వచ్చే పత్తిని తెచ్చుకున్నాయి. పొట్టి పింజ, చెత్తాచెదారం, అడుగడుగునా తెగే నూలు. అక్కడి కార్మికుల నోట సూరత్ అంటే నాసిరకం అయిపోయింది. తన సరుకును సూరత్ అన్నారని 1863లో ఒక బీరు తయారీదారు పరువునష్టం దావా వేసేదాకా పోయింది.

పుట్టి పెరిగిన ఊరి పేరు ఒకప్పుడు తిట్టు అని తెలిసి ఆమెకు కోపం వచ్చింది. తండ్రికి రాలేదు. వాళ్లకు కూలి ఎట్లా ఇచ్చేవారని అడిగాడు. నేసినదాన్ని బట్టే అని ఆమె చెప్పింది.

"నూలు తెగితే మగ్గం ఆగుతది, మగ్గం ఆగితే కూలి ఆగుతది. తిట్టకుంటె ఏం జేస్తరు?" అన్నాడు.

పరీక్షలో ఈ ప్రశ్న రాదు. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లే చిక్కుతాయి, మాట పుట్టుక ఎవరూ అడగరు. సీటు వస్తే ఢిల్లీలో హాస్టల్ ఖర్చు ఎంతవుతుందో తల్లి పొరుగింటి వాళ్లతో లెక్క వేయిస్తోంది. రాకపోతే సూరత్‌లోనే బీకాం అని ముందే ఒప్పందం. పరీక్షకు ఇంకా ఆరు వారాలుంది. కట్టలో 'టి' నుంచి 'జెడ్' దాకా మిగిలింది. షిఫ్టు దిగి వచ్చాక తండ్రి చేతులు కడుక్కుంటూ, ఇయ్యాల మన మాటేమన్న దొరికిందా అని అడుగుతున్నాడు.