పరదేశపు పాటగోష్ఠులు

సంగీతాన్ని ఆస్వాదించడానికి మనమెరిగిన మార్గాలు రెండు. వేదిక ఎదుట కూర్చొని వినడం ఒకటి, యంత్రం మీట నొక్కి వినడం మరొకటి. ఈ రెంటిలోనూ పాడేవారు వేరు, వినేవారు వేరు. మూడవ మార్గమొకటి మన ఇళ్లలోనే ఉన్నది. హైదరాబాదు పెళ్లిళ్లలో స్త్రీలు ఢోలక్ చుట్టూ చేరి దక్కనీ గీతాలు పాడుకొనేవేళ శ్రోత అన్న మాటకే తావుండదు. పాట రానివారు చప్పట్లయినా కలపవలసిందే. పల్లెల్లోని చెక్కభజన, కోలాటం సైతం ఇట్టివే. ఈ మూడవ మార్గం ఐర్లండు దేశంలో నేటికీ సజీవంగా ఉన్నదని, అయితే అది అక్కడి పానశాలల్లో నడుస్తుందని విన్నప్పుడు నాకు ఉత్సాహమూ సంకోచమూ ఒక్కసారే కలిగాయి.

పానశాల అనగానే తెలుగువారికి దువ్వూరి రామిరెడ్డిగారి అనువాదం స్ఫురిస్తుంది. ఉర్దూ చదివినవారికి గజళ్లలోని మైఖానా గుర్తుకు వస్తుంది. ఆ మాటను ముషాయిరాలలో ఎన్నిమార్లు విని 'వాహ్వా' అన్నానో లెక్కలేదు. కాని అందులో అడుగు పెట్టిన పాపాన పోలేదు. మద్యం గడప దాటి రాని ఇంట పెరిగినవాడిని. 2019లో చదువు నిమిత్తం కొంతకాలం ఆ దేశంలో ఉండవలసివచ్చినప్పుడు, నా సామానులో బాన్సురీ ఒకటి ఉండనే ఉన్నది. వాయించాలంటే వారున్న చోటికి పోవాలి. వారున్న చోటు చూడబోతే అది!

ఈ గోష్ఠిని వారు 'సెషన్' అంటారు. అనాదిగా పానశాలలోనే సాగుతున్నదని యాత్రికులు భ్రమపడతారు గాని నిజం వేరు. పూర్వం ఈ సంగీతానికి నిలయం రైతుల వంటిల్లు, నాలుగు బాటలు కలిసే కూడలి. పొయ్యి ప్రక్కన ఒకరు ఫిడేలు వాయిస్తే తక్కినవారు నర్తించేవారు. 1935లో వచ్చిన బహిరంగ నృత్యశాలల చట్టం నాట్యానికి అనుమతిపత్రం ఉండాలన్నది. దానిని అమలుపరచిన తీరువలన ఇళ్లలోని వేడుకలకు సైతం పెద్ద దెబ్బ తగిలింది. రెండవ ప్రపంచయుద్ధం పిమ్మట కూలికోసం లండను చేరిన ఐరిష్ శ్రామికులకు అద్దెగదులే గాని వంటిళ్లు లేవు. కనుక వారు కామ్డెన్, కెంటిష్ టౌన్ ప్రాంతాల పానశాలల్లో వాద్యాలు విప్పారు. ఆ అలవాటే తరువాతి కాలంలో స్వదేశంలోనూ బలపడింది. వలసపోయినవాడు ఊరికి డబ్బు పంపడం మనకు తెలుసు. ఇక్కడ ఒక ఆచారాన్నే తిప్పి పంపాడు. 1951లో ఏర్పడిన కోల్టస్ అనే సంస్థ ఏటేటా జాతీయ సంగీతోత్సవాలు జరుపుతూ ఆ ఉద్యమానికి అండగా నిలిచింది.

గోష్ఠులను వెదకడం ఒక విద్య. అంతర్జాలంలో పట్టికలు లేకపోలేదు. వాటిని నమ్మి పోతే, ఆ పానశాలలో గోడకు వ్రేలాడే టెలివిజనులో ఫుట్‌బాల్ ఆట ఎదురుకావచ్చు. నాకు అక్కరకు వచ్చినది వాద్యాల దుకాణం. అక్కడి యువకుడు నా బాన్సురీని చూసి, శ్రుతి కుదరదని సౌమ్యంగా చెప్పి, చిన్న రేకు పిల్లనగ్రోవి ఒకటి చేతిలో పెట్టాడు. పది పదిహేను యూరోల వస్తువు. దానికీ ఆరు రంధ్రాలే. అయితే మన బాన్సురీలో మూడు మూస్తే షడ్జం పలుకుతుంది. దానిలో ఆరూ మూయాలి. వారి వరుసలు చాలామట్టుకు 'డి', 'జి' శ్రుతులలో నడుస్తాయి గనుక అందరూ ఆ కొలతదే కొంటారు. ఏ వారం, ఏ వీధిలో, ఎవరు వాయిస్తారో కూడా అతడే చెప్పాడు. మైకు పెట్టి వాయించే చోటికి పోవద్దన్నాడు. ఆ మాట అక్షరాలా సత్యం. మైకు ఉన్నదంటే అది యాత్రికులకోసం. వలయాకారంగా కుర్చీలు వేసుకొని మనకు వీపు చూపి కూర్చున్నారంటే అది తమకోసం.

జూలైలో క్లేర్ ప్రాంతానికి పోయాను. అక్కడ మిల్‌టౌన్ మాల్బే అన్న చిన్న ఊరున్నది. విల్లీ క్లాన్సీ అన్న వాద్యకారుడు 1973లో మరణించగా, ఆ ఏటినుండే అతని పేర వేసవి పాఠశాల ఆరంభించారు. అతని వాద్యం ఇల్లిన్ పైప్స్. మోచేతితో తిత్తిని నొక్కి గాలి నింపి వాయిస్తారు. 2017లో ఈ కళకు యునెస్కో గుర్తింపు లభించింది. ఆ వారంలో పగలు తరగతులు, రాత్రి గోష్ఠులు. ఊరిలో నిలబడేందుకు చోటు దొరకడమే గగనం.

మొదటి సాయంత్రం గుమ్మం వద్దనే చాలాసేపు నిలిచాను. లోపల ఒక మూల ఫిడేలు పట్టిన వృద్ధుడొకరు కనిపించారు. ఆయన కోటుమీద చిన్న బిళ్ల ఒకటి. ముందు టీ కెటిలు, కప్పు. ఆ బిళ్ల 1898లో డబ్లిన్‌లో పుట్టిన పయొనీర్ మద్యవర్జన సంఘం వారిదని పిదప తెలిసింది. జీవితమంతా మద్యం ముట్టని మనిషి ఏళ్ల తరబడి పానశాలలో సంగీతం నడుపుతున్నాడు! నేను లోపలికి పోయి టీ అడిగాను. ఇచ్చినవారు నావైపు మరోమారు చూడనైనా లేదు.

అక్కడ మర్యాదలున్నాయి, వ్రాసిపెట్టినవి కావు. వలయంలో ఖాళీ కుర్చీ కనిపించినా అడగనిదే కూర్చోరాదు. తెలియని వరుసను తడుముకుంటూ వాయించరాదు. కాగితం చూసి వాయించడం ఎవరికీ నచ్చదు; చెవితోనే పట్టాలి. బోధ్రాన్ అనే మేకచర్మపు వాద్యం మన దఫ్‌కు దాయాది. ఒక గోష్ఠిలో ఒకటి చాలు, రెండు చేరితే ఫిడేళ్లవారి మొగాలు మాడిపోతాయి. వరుసకు రెండు భాగాలు, ఒక్కొక్కటి రెండేసిమార్లు. అంతా కలిపి రెండు మూడు ఆవృత్తులు కాగానే, ఎవరో కనుసైగ చేయగా, ఆగకుండా మరో వరుసలోకి దూకుతారు. రీల్ మన చతురశ్రగతిని తలపిస్తుంది. జిగ్ ఆరు మాత్రలు, మూడూ మూడుగా విరుగుతుంది. రెండు రాత్రులు నేను వినడమే చేశాను. మూడవనాడు వృద్ధుడే తన ప్రక్క కుర్చీ చూపారు.

ఈ గోష్ఠులకు చిరాయువు ఖాయమని చెప్పలేము. డబ్లిన్ నగరంలోని స్మిత్‌ఫీల్డ్‌లో కాబుల్‌స్టోన్ అన్న పానశాల ఇట్టి సంగీతానికి పేరుగన్నది. దానిని హోటలులో కలిపివేసే ప్రతిపాదన వచ్చినప్పుడు, 2021 అక్టోబరులో సంగీతకారులు శవపేటిక మోసుకొని వీధుల్లో ఊరేగారు. ఆ నవంబరులో నగరపాలకులు అనుమతి నిరాకరించారు. ఢోలక్ గీతాలకోసం మనలో ఎవరైనా వీధికెక్కుతారా అని అప్పుడు నాకు తోచింది. ఇళ్లలో సన్నగిల్లే సంగీతాన్ని కూల్చడానికి ఏ అనుమతీ అక్కరలేదు గదా; ఊరేగింపు ఎవరి గుమ్మం ముందు ఆపాలి?

ఆ మూడవ రాత్రి సంగతి చెప్పి ముగిస్తాను. పాటలు పాడేచోట వారికి ఒక ఆనవాయితీ ఉన్నది. పాడినవారికే తరువాతి గాయకుణ్ణి పిలిచే హక్కు. ఆ వృద్ధుడు ఒక పాట పాడి, నన్ను పిలిచారు.

"నాకు మీ పాటలు రావు" అన్నాను.

"మావి మాకు వచ్చు. మీది కానివ్వండి" అన్నారు.

మా నానీ పెళ్లిళ్లలో పాడే ఢోలక్ గీతమొకటి ఆ రేకు పిల్లనగ్రోవిమీద ఎత్తుకున్నాను. దాద్రా తాళం, అదీ ఆరు మాత్రలే, మూడూ మూడే. మొదటి ఆవృత్తి అందరూ ఊరకున్నారు. రెండవదానికి బోధ్రాన్ కలిసింది. మూడవదానికి వృద్ధుని ఫిడేలు దాదాపు తప్పు లేకుండా వెంట వచ్చింది. ఆయన దాని పేరేమని అడిగారు. పేరు లేదన్నాను. వారి సంపుటాలలో పేరు తెలియని వరుసలకు 'గన్ అనిమ్' అని వ్రాస్తారట, అనామకమని అర్థం. లేదా ఎవరివద్ద నేర్చితే వారి పేరే పెడతారట.

"ఎవరివద్ద నేర్చారు?" అన్నారు. చెప్పాను.

మరునాటి సాయంత్రం ఆయనే దానిని రెండు జిగ్‌ల నడుమ ఇమిడ్చి వాయించారు. ఎదుట కూర్చున్న విద్యార్థిని ఒకతె అదేమి వరుస అని అడిగింది.

"నానీ" అని చెప్పి, ఆయన ఫిడేలు తంతి బిగించుకున్నారు.