సైరన్ మోగకముందే గట్టెక్కాలి!

రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ 1992లో తీసిన ‘ఎ రివర్ రన్స్ త్రూ ఇట్’ చూశారా? కథ సంగతి మర్చిపోయినా ఆ నది మాత్రం గుర్తుండిపోతుంది. మోంటానా కొండల మధ్య మోకాలి లోతు నీళ్ళలో కుర్ర బ్రాడ్ పిట్ నిలబడి, పొడుగాటి గాలం కర్రని కొరడాలా ఝళిపిస్తుంటే, తీగ గాలిలో సున్నాలు చుట్టి నీటి మీద పువ్వులా వాలుతుంది. ఆ ఫొటోగ్రఫీకి ఫిలిప్ రూసెలోకి ఆస్కార్ ఇచ్చారంటే ఇవ్వరూ మరి! ఆ సినిమా వచ్చాక అమెరికాలో ట్రౌట్ చేపల వేట మీద మోజు ఒక్కసారిగా పెరిగిపోయింది.

అలాంటి వేటకే ఇప్పుడు మేము ప్రోగ్రామ్ వేస్తున్నాం. మేమంటే నేనూ, అక్కా, బావా, పద్నాలుగేళ్ళ మా మేనల్లుడూ. నది మోంటానాది కాదు, మా ఇంటి పక్కదే. దాని పేరు చట్టహూచీ. అట్లాంటా నగరానికి తాగునీరిచ్చే నది. ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్, సువానీ, కమ్మింగ్… తెలుగువాళ్ళు జోరుగా ఇళ్ళు కొనుక్కున్న ఊళ్ళన్నీ దీనికి చేరువలోనే ఉన్నాయి. పెద్ద హీరో సినిమా ప్రీమియర్‌కి వరసలు కట్టి వెళ్ళే మనవాళ్ళలో, ఆ దార్లోని వంతెన కింద ట్రౌట్ ఉందని తెలిసినవాళ్ళు తక్కువే!

ఎండల దేశంలో చలినీళ్ళ చేప

అసలు జార్జియా రాష్ట్రపు ఎండలకి ఈ చేప ఇక్కడ బతకకూడదు. ట్రౌట్ చల్లటి నీళ్ళ చేప. నీళ్ళు కాస్త వేడెక్కితే నీరసించిపోతుంది, ఇంకాస్త వేడెక్కితే చచ్చిపోతుంది. ఒంటి మీద గులాబీరంగు చార ఉండే రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరపు నదుల నుంచి వచ్చింది. పసుపు కలిసిన గోధుమరంగు మీద ఎర్ర చుక్కలుండే బ్రౌన్ ట్రౌట్ యూరప్ నుంచి వచ్చింది. మన సినిమావాళ్ళు పాటల షూటింగులకి ఎగబడే ఊటీ కొండల్లోనూ బ్రిటిష్‌వాళ్ళు తెచ్చి వదిలిన ట్రౌట్ ఉంది. అక్కడంటే కొండ, చలి. మరి జులైలో చెమటలు కక్కించే అట్లాంటా దగ్గర ఎలా ఉంది?

ఆ చలవంతా డ్యామ్‌ది!

ఇక్కడ 1950లలో ఈ నదికి అడ్డంగా బ్యూఫర్డ్ డ్యామ్ కట్టారు. వెనక ఏర్పడిన జలాశయానికి కవి సిడ్నీ లేనియర్ పేరు పెట్టారు. కవి పేరు జలాశయానికి పెట్టడం… వినడానికే బాగుంది కదూ! ఎండాకాలంలో ఆ జలాశయంలో పైన నీళ్ళు వేడెక్కుతాయి. వేడి నీళ్ళు తేలిక కనక పైనే ఉండిపోతాయి, బరువైన చల్లటి నీళ్ళు అడుక్కి చేరతాయి. టర్బైన్లు తిప్పడానికి డ్యామ్ తీసుకునేది లోతునున్న నీటినే. అందుకని బయట 35 డిగ్రీల ఎండ మండుతున్నా డ్యామ్ దిగువన నది 10 డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటుంది. వేసవి తెల్లవారుజామున వెచ్చటి గాలి ఈ చల్లటి నీళ్ళకి తగిలి నది పొడుగునా పొగమంచు లేస్తుంది. మన డైరెక్టర్లు చూస్తే పొగ మిషన్ ఖర్చు మిగిలిందని సంబరపడిపోతారు!

చేపల పెంపకం కేంద్రం కూడా డ్యామ్‌కి కాస్త దిగువనే ఉంది. రెయిన్‌బో పిల్లల్ని పెంచి నదిలో వదులుతారు. బ్రౌన్ ట్రౌట్ అయితే ఇక్కడే గుడ్లు పెట్టి సొంత సంసారం సాగిస్తోంది. 2014లో ఈ నదిలో పట్టిన ఒక బ్రౌన్ ట్రౌట్ 20 పౌండ్ల 14 ఔన్సులు తూగి రాష్ట్ర రికార్డు కొట్టింది. అంటే తొమ్మిదిన్నర కిలోలన్నమాట! ఆ లెక్క చెప్పగానే మా బావ కళ్ళు మెరిశాయి.

“ఏమోయ్, అంత చేపైతే పులుసుకి మన ఇంట్లో గిన్నె సరిపోదే!” అన్నాడు.

“ముందు చేప పడనీ బావా, గిన్నె సంగతి అక్క చూసుకుంటుంది” అన్నాను.

ఒక నదిని ముంచితే…

డ్యామూ నదీ అనగానే సినిమా ప్రియులకి ఇంకో చిత్రం గుర్తుకురావాలి. 1972లో జాన్ బూర్మన్ తీసిన ‘డెలివరెన్స్’. బర్ట్ రెనాల్డ్స్, జాన్ వోయిట్, నెడ్ బీటీ, రానీ కాక్స్ నలుగురు స్నేహితులు. డ్యామ్ కట్టాక ఒక అడవి నది మునిగిపోతుందని తెలిసి, అది మాయమయ్యేలోగా ఒక్కసారి పడవల్లో చూసొద్దామని బయల్దేరతారు. చూసినవాళ్ళకి తెలుసు, ఆ విహారం ఎంత భయంకరంగా ముగుస్తుందో! నవల రాసిన జేమ్స్ డికీ అట్లాంటాలో పుట్టినవాడే. సినిమాలో షెరీఫ్ వేషం కూడా వేశాడు. షూటింగ్ ఎక్కువ భాగం జార్జియా సరిహద్దులోని చట్టూగా నది మీద జరిగింది. కథలో నది మునిగిపోతుంది గాని, అసలు నదికి మాత్రం 1974లో కేంద్ర ప్రభుత్వ రక్షణ దొరికింది. ఇక దాని మీద డ్యామ్ కట్టడానికి వీల్లేదు.

మా చట్టహూచీ కథ వేరు. డ్యామ్ దీన్ని చంపలేదు, ఇంకో నదిగా మార్చేసింది. వెచ్చటి నీళ్ళలో బతికే పాత చేపలు ఆ మేరకు తప్పుకున్నాయి, చలినీళ్ళ చేప వచ్చి కూర్చుంది. దాంతోపాటు ఇంకో మార్పు కూడా వచ్చింది. ప్రోగ్రామ్ వేసేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసింది అదే.

ఇది స్విచ్ వేస్తే పొంగే నది

మామూలు నది వానొస్తే పొంగుతుంది. మబ్బు చూసి, నీటి రంగు చూసి మనం జాగ్రత్తపడతాం. ఈ నది స్విచ్ వేస్తే పొంగుతుంది! డ్యామ్‌లో మూడు టర్బైన్లున్నాయి. నది ఎండిపోకుండా చిన్నది తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు నీళ్ళు పలచగా, అద్దంలా ఉంటాయి. అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు. కరెంటు వాడకం పెరిగే వేళకి పెద్ద టర్బైన్లు రెండూ తిప్పుతారు. అంతే! నిమిషాల్లో నీటిమట్టం పెరిగిపోతుంది. డ్యామ్‌కి దగ్గర్లో నిలువెత్తు దాటి లేవగలదు. ఆకాశంలో చిన్న మబ్బు తునక కూడా ఉండదు. పిట్టలు కూస్తూనే ఉంటాయి. మోకాలి లోతున నిలబడ్డవాడికి నడుం దాకా వచ్చేదాకా తెలియకపోవచ్చు.

దానికి తోడు చలి. 10 డిగ్రీల నీళ్ళలో హఠాత్తుగా పడితే ఊపిరి బిగుసుకుపోతుంది, కాళ్ళూ చేతులూ మొద్దుబారతాయి. ఎంతటి ఈతగాడైనా కాసేపటికి లొంగిపోవలసిందే. ఇక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

మన తెలుగువాళ్ళకి ఇది ఒకరు చెప్పాలా? 2014 జూన్ 8 మర్చిపోగలమా? హైదరాబాద్ నుంచి విహారయాత్రకి వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లో బియాస్ నది రాళ్ళ మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పైన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళు వచ్చి పడ్డాయి. 24 మంది విద్యార్థులూ, వాళ్ళ వెంట ఉన్న టూర్ మనిషీ కొట్టుకుపోయారు. ఇరవై ఏళ్ళ పిల్లలు! అదీ ట్రౌట్ ఉన్న లోయే, అదీ చల్లటి స్వచ్ఛమైన నీరే, అదీ డ్యామ్ దిగువే. ఆ వార్త టీవీలో చూసిన రోజు అక్క అన్నం ముట్టలేదు. అందుకే ఇప్పుడు మేనల్లుడు “మామయ్యా, నేనూ వస్తా” అనగానే అక్క ముఖం మారిపోయింది.

“వాడికి ఈతంటే స్విమ్మింగ్ పూల్ ఈతే తెలుసురా. నదిలో దింపుతానంటే నేనొప్పుకోను” అంది.

అక్క చెప్పింది నిజం. ఒద్దని చెప్పి వాడిని ఇంట్లో వదిలెయ్యడం తేలిక. కాని రేపు పెద్దయ్యాక స్నేహితులతో వాడే వెళ్తాడు, అప్పుడు చెప్పేవాళ్ళెవరు? అందుకని ఈ ప్రోగ్రామ్‌ని చేప చుట్టూ కాకుండా గడియారం చుట్టూ వేశాం.

గడియారమే డైరెక్టర్

డ్యామ్‌ని నడిపేది అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం. ఏ రోజు ఏ వేళకి నీళ్ళు వదులుతారో ముందుగా చెబుతారు. ఫోన్ చేసి వినొచ్చు. అయితే చెప్పిన వేళ మారవచ్చు కూడా. కరెంటు అవసరం పడితే ఎప్పుడైనా వదలవచ్చు. కనక ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున్న బయల్దేరేముందు ఒకసారి, నది దగ్గర కారు దిగాక ఇంకోసారి వినాలి. ఫోన్ చేసే పని మేనల్లుడికే అప్పగించాం. వాడిప్పుడు అసిస్టెంట్ డైరెక్టర్!

నీళ్ళు వదిలేముందు డ్యామ్ దగ్గర సైరన్ మోగిస్తారు. మోగగానే చేప గాలానికి తగులుకుని ఉన్నాసరే, తీగ తెంపేసి గట్టెక్కాలి. ‘ఇంకొక్క నిమిషం’ అన్న మాట ఆ క్షణంలో చెల్లదు.

ఇక్కడో మెలిక ఉంది, గమనించండి. వదిలిన నీరు నది పొడుగునా ఒకేసారి రాదు, ప్రయాణం చేసి వస్తుంది. సుమారు రెండున్నర మైళ్ళ దిగువనున్న హైవే 20 వంతెనకి తొందరగా చేరుతుంది. పదిహేడు మైళ్ళ దిగువనున్న మెడ్‌లాక్ బ్రిడ్జికి చేరడానికి గంటలు పడుతుంది. అక్కడికి సైరన్ వినపడదు. పొద్దున్న పైన వదిలిన నీరు మధ్యాహ్నం కింద మనల్ని పట్టుకోవచ్చు. పైన టర్బైన్లు ఆపేశారు గదా అని కింద దిగితే అంతకుముందు బయల్దేరిన నీరు ఇంకా దారిలోనే ఉండొచ్చు! దూరం వెళ్ళేకొద్దీ చెవుల్ని కాదు, లెక్కని నమ్ముకోవాలి.

డ్యామ్ దగ్గరైతే నీళ్ళు వేగంగా వస్తాయి గాని సైరన్ వినపడుతుంది. దిగువనైతే వ్యవధి ఉంటుంది గాని చెప్పేవాళ్ళుండరు. బాగా ఆలోచించి మేము డ్యామ్ దగ్గరి పార్కునే ఎంచుకున్నాం. షరతు ఒకటే: కారు ఏ ఒడ్డున ఉంటే మనం ఆ ఒడ్డునే ఉండాలి. నది దాటి అవతలికి వెళ్ళి గాలం వేసేవాళ్ళు కనిపిస్తారు. నీళ్ళొస్తే వాళ్ళు అక్కడే చిక్కుకుంటారు. మనకొద్దు.

సామానూ, చట్టమూ

డ్యామ్ నుంచి హైవే 20 దాకా లైఫ్ జాకెట్ వేసుకోవడం చట్టం. మోయడం కాదు, వేసుకోవడం! బావ “ఫొటోలో బొద్దుగా కనపడతానోయ్” అన్నాడు గాని, “కనపడితే చాలు” అని అక్క ఒక్క మాటతో నోరు మూయించింది. నీళ్ళు చొరకుండా ఛాతీదాకా వచ్చే వేడర్స్ అద్దెకి తెచ్చుకుంటున్నాం. వాటికి నడుం దగ్గర బెల్టు బిగించడం తప్పనిసరి. లేకపోతే పడ్డప్పుడు లోపలికి నీళ్ళు నిండిపోతాయి. నాచు పట్టిన రాళ్ళు సబ్బులా జారతాయి, ఊతకర్ర కావాలి.

పదహారేళ్ళు నిండినవాళ్ళకి చేపల లైసెన్సూ, దానితో ట్రౌట్ లైసెన్సూ ఉండాలి. మేనల్లుడికి అక్కర్లేదు. మనిషికి ఒక్క గాలమే. రోజుకి 8 ట్రౌట్లకి మించి పట్టకూడదు. హైవే 20 నుంచి మెడ్‌లాక్ బ్రిడ్జి దాకా వానపాము లాంటి ఎర నిషిద్ధం, ఈకలూ దారంతో కట్టిన ‘ఫ్లై’లూ, మెరిసే రేకు గాలాలూ మాత్రమే. బ్రాడ్ పిట్‌లా తీగ తిప్పాలని మేనల్లుడి పట్టుదల. మామూలు గాలంలో బరువు కొసనుంటుంది, ఫ్లై గాలంలో బరువంతా తీగదే. అందుకే విసరడానికి అంత సాధన కావాలి. వారం రోజులుగా ఇంటి వెనక గడ్డి మీద వాడి రిహార్సల్సే రిహార్సల్స్! రెండుసార్లు మామిడికాయలు ఎండబెట్టిన గుడ్డనీ, ఒకసారి బావ చొక్కానీ పట్టాడు.

నెల విషయంలోనూ ఎంపిక ఉంది. శీతాకాలం ముందు జలాశయంలో పైనీళ్ళూ అడుగునీళ్ళూ కలగాపులగమైపోతాయి. అప్పుడు వచ్చే నీటిలో ప్రాణవాయువు తక్కువ, రంగూ మారుతుంది, చేప నీరసంగా ఉంటుంది. అందుకని వేసవి మొదట్లోనే ఒక శనివారం పెట్టుకున్నాం.

తెల్లారేసరికి నది దగ్గర ఉంటాం. పులిహోర పొట్లాలు అక్క కట్టిస్తుంది. తనూ వస్తుంది, గట్టు మీద కూర్చుని సైరన్ కోసం చెవి పెట్టుకునే డ్యూటీ తనదే. సైరన్ మోగినా మోగకపోయినా పదింటికల్లా నీళ్ళలోంచి బయటికి వచ్చేస్తాం. చేప పడితే ఆ రాత్రి పులుసు, పడకపోతే పప్పుచారు. నలుగురం వెళ్తాం, నలుగురం తిరిగొస్తాం. అదండీ ప్రోగ్రామ్!