కేబుల్‌లో వచ్చిన భూకంపం

నేను ప్రోగ్రామర్‌ని. ఉండేది పోర్ట్ బ్లెయిర్‌లో. 2024లో ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు కానీ మా వీధిలో ఆ పేరు ఇంకా ఎవరి నోటా పలకదు. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు.

2020 ఆగస్టు దాకా మాకు ఇంటర్నెట్ అంటే ఉపగ్రహమే. అది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మనం అడిగింది అంత దూరం పైకెళ్ళి కిందకి దిగాలి, జవాబూ అలాగే రావాలి. ఎంత డబ్బు పోసినా అర సెకను ఆలస్యం తప్పదు. దూరంగా ఉన్న సర్వర్‌లో కోడ్ సరిచేసేవాడికి తెలుస్తుంది ఆ అర సెకను విలువ. ఆ ఏడాది ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ మొదలైంది. కాంతి అందులో వెళ్ళి రావడానికి పాతిక మిల్లీ సెకన్లు కూడా పట్టదు.

పుకార్లకీ పట్టదు మరి.

మా పక్కింటి పిన్ని 2004 డిసెంబర్ 26 సునామీలో అయినవాళ్ళని పోగొట్టుకుంది. "ఈ రాత్రి పెద్ద భూకంపం, నాసా చెప్పింది" అని ఫోన్‌లో ఎవరో పంపితే చాలు, సంచి సర్దుకుని గుమ్మం దగ్గర కూర్చుంటుంది. పంపేవాళ్ళు చదువుకున్నవాళ్ళే. "నిజమైతే మంచిదేగా పంపడం" అంటారు. మంచిది కాదు. పదిసార్లు ఉత్తినే కూర్చున్న మనిషి పదకొండోసారి నిజంగా వస్తే లేవదు.

పైగా ఇక్కడ చిన్నాచితకా భూకంపాలు మామూలే. ఏ తేదీ చెప్పినా అటో ఇటో ఏదో ఒకటి కదులుతుంది, జ్యోతిష్కుడు గెలుస్తాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత తీవ్రతతో అనే మూడూ ముందే చెప్పగలిగినవాడు ఇంతవరకు లేడు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ కూడా భూకంపాన్ని ముందు చెప్పదు. అది వచ్చాక సునామీ వస్తుందేమో లెక్కకట్టి హెచ్చరిస్తుంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో వచ్చినప్పుడు హెచ్చరించారు. సముద్రపు నేల పైకీ కిందకీ కాక పక్కకి జరిగింది కాబట్టి పెద్ద అల రాలేదు. అయినా ఆ హెచ్చరిక సరైనదే.

2004లో లిటిల్ అండమాన్ ఓంగేలు ప్రాణాలు కాపాడుకుంటే జనం దాన్ని అతీంద్రియ శక్తి అన్నారు. శక్తీ లేదు, మహిమా లేదు. నీళ్ళు వెనక్కి తగ్గితే ఎత్తుకి పోవాలని పెద్దవాళ్ళు చెప్పిన మాట పాటించారు. ఎవరైనా పరీక్షించి చూసుకోగల జ్ఞానం అది.

పిన్నికి ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించాను. నేల గట్టిగా, చాలాసేపు ఊగినా, సముద్రం వెనక్కి పోయినా, సర్కారు సైరన్ మోగినా ఎవర్నీ అడగకుండా కొండెక్కెయ్. ఫోన్ చూసి మాత్రం కదలకు.

చదివి "మరి గ్రహణం రోజున?" అంది.

ఆ రోజూ అంతే పిన్నీ అన్నాను.