దంత్యాలు

ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు వర్ణాల ఉత్పత్తి స్థానాలు బోధించాను. త, థ, ద, ధ, న అనేవి దంత్యాలని, నాలుక కొన పైపళ్ళను తాకితే పుడతాయని వల్లె వేయించాను. ఆ మాట ఎంత నిజమో 2023లో మెట్ల మీద జారిపడి, పై ముందుపళ్ళు రెండూ పోగొట్టుకున్నాక గాని నాకు తెలియలేదు. పద్యం ఎత్తుకుంటే గాలి పోయేది. 'చాప', 'జల్లెడ'లలోని దంత్య చ, జలు ఈలలయ్యాయి. 'చిలుక'లోని తాలవ్య చకారం మాత్రం చెక్కుచెదరలేదు!

అప్పుడే ఏడేళ్ళ మా మనవరాలికీ ముందుపళ్ళు ఊడాయి. "తాతయ్యా, నీకూ కొత్తవి వస్తాయిగా?" అంది. ఏం చెప్పను?

దవడ ఎముకలో టైటానియం మరలు నాటి, వాటిపై పళ్ళు కట్టవచ్చన్నారు దంతవైద్యురాలు. అసలే మధుమేహం. ముల్లు గుచ్చుకుంటేనే చీముపట్టి నెట్టివేసే దేహం పరాయి లోహాన్ని సహిస్తుందా అని నా శంక. "చక్కెర అదుపులో ఉంచండి మాస్టారూ, తక్కినది ఎముకే చూసుకుంటుంది" అన్నారావిడ.

ఇంటికి వచ్చి చదివాను. గాలి తగలగానే టైటానియం తనపై అతి పలుచని ఆక్సైడు పొర కప్పుకుంటుంది. అందువల్ల ఒంటిలోని ఉప్పునీటికి తుప్పు పట్టదు. ఎముక దాన్ని ఒరుసుకొని పెరుగుతుంది. 1952లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ ఎముకలోని రక్తప్రసరణను పరిశీలించడానికి కుందేలు కాలిలో టైటానియం పరికరం అమర్చాడు. పని ముగిశాక తీయబోతే ఊడి రాలేదు! ఆ చిక్కులోనే ఆయనకు దారి దొరికింది. 1965లో యోస్టా లార్సన్ అనే రోగి దవడలో టైటానియం మరలు నాటాడు. 2006లో లార్సన్ కన్నుమూసేదాకా అవి నిలిచాయి. నేడు తుంటి కీళ్ళలోనూ, విరిగిన ఎముకలను కూర్చే పలకలలోనూ ఈ లోహం ఉంటోంది.

ఆదేశం శత్రువులా వచ్చి ఉన్న అక్షరాన్ని తొలగిస్తుందనీ, ఆగమం మిత్రునిలా పక్కన చేరుతుందనీ వ్యాకరణం చదువుకున్నవారు చెప్పుకుంటారు. ఈ లోహం ఆగమమే అనిపించింది. ధైర్యం చేశాను.

మరలు ఎముకతో కలిసేందుకు నాలుగు నెలలు ఆగవలసి వచ్చింది. ఈలోగా మనవరాలికి పళ్ళు మొలిచాయి. నాకు పళ్ళు కట్టిన సాయంత్రం అది ఎదురుగా కూర్చుని, "ఏదీ, తాత అను" అని పరీక్ష పెట్టింది.

రెండూ దంత్యాలే. స్పష్టంగా పలికాయి.