తొర్రూరు మీదుగా లైబీరియా దాకా

వరంగల్లులో ఖమ్మం బస్సెక్కితే వర్ధన్నపేట, రాయపర్తి దాటాక తొర్రూరు వస్తుంది. 2016 నుంచి ఇది మహబూబాబాదు జిల్లాలోనిది. బజారు నిండా ఎరువుల దుకాణాలు, బట్టల కొట్లు, పల్లెల నుంచి వచ్చిన జనం. యాత్రికులకు చూపించే వింతలేమీ లేవు. కాని ఈ నేల చూసిన రోజులు తక్కువవి కావు.

ఇక్కడికి పడమరగా విసునూరు, కడవెండి ఉన్నాయి. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో నేలకొరిగింది కడవెండిలోనే. ఆ తర్వాత అయిదేళ్లు రజాకార్లు, సాయుధ దళాలు, సైన్యం! రాత్రివేళ ఎవరు తలుపు తడతారో తెలియదు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం హైదరాబాదు తగాదాను ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి పట్టుకుపోయింది. మండలి ఏదీ తేల్చకముందే, సెప్టెంబరులో భారతసైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు.

ఆ 1948లోనే సమితి తన మొదటి శాంతి పరిశీలకులను పాలస్తీనాకు పంపింది. నాటినుంచి ఎన్నో దేశాలకు శాంతిదళాలు వెళ్లాయి. మనవాళ్లే రెండున్నర లక్షల మందికి పైగా వెళ్లారు; నూటడెబ్బై మందికి పైగా తిరిగి రాలేదు. 1961 డిసెంబరు 5న కాంగోలో ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా వారిలో ఒకడు.

బస్టాండులో పక్కన కూచున్న పెద్దాయనతో ఈ మాట అన్నాను.

"ఎవల దేశం లొల్లి వాళ్లది. మన పిలగాండ్లు ఆడ ఎందుకు సావాలె?" అన్నాడాయన.

న్యాయమైన ప్రశ్నే. సైనికుడికి శత్రువంటూ ఒకడుంటాడు; శాంతిదళం వాడికి ఉండడు. ఇరుపక్షాల నడుమా నిలబడాలి. ప్రాణరక్షణకూ, అప్పగించిన పని నిలుపుకోవడానికీ తప్ప తుపాకి పేల్చరాదు. అన్నదమ్ముల పొలం తగాదాలో మధ్యవర్తికి రెండువైపులా తిట్లే గదా! పైగా అన్నిచోట్లా ఫలితం దక్కలేదు. 1994లో రువాండాలో శాంతిదళం ఉండగానే లక్షలమంది ఊచకోతకు గురయ్యారు.

అయినా 2007లో లైబీరియాకు మనదేశం పంపిన మహిళా పోలీసు దళం సంగతి ఆయనకు చెప్పాను. నూరుమందికి పైగా ఆడవాళ్లు. సమితి పనికి వెళ్లిన అటువంటి దళాల్లో ప్రపంచానికి అదే మొదటిది. బిడ్డలను ఇంటిదగ్గర వదిలివెళ్లిన తల్లులూ ఉన్నారు వాళ్లలో. అంతర్యుద్ధంతో చితికిన మన్రోవియా వీధుల్లో రాత్రిళ్లు గస్తీ తిరిగారు. ఒక జట్టు తర్వాత మరో జట్టుగా 2016 వరకు ఆ పని సాగింది. వాళ్లను చూసి అక్కడి ఆడపిల్లలు కూడా పోలీసులో చేరడానికి ముందుకు వచ్చారు.

పెద్దాయన కాసేపు ఊరుకొని, "ఆడోళ్లు రాత్రిపూట కావలున్నరా!" అన్నాడు.

తలుపు చప్పుడుకు ఉలిక్కిపడిన రోజులు చూసిన నేల ఇది. మరెక్కడో ఒక ఇంట్లో ఆ భయం తగ్గేందుకు మన బిడ్డ మేలుకొని ఉన్నదంటే, అది పరాయి పని అని నాకు తోచలేదు.